క్వారీ సీను

ఆ వేసవి మొదటి వారంలోనే మా నాయన పదిహేడు సార్లు చచ్చిపోయాడు. క్రేను తాడు తెగి ఒకసారి, లారీ వెనక్కి వచ్చి రెండుసార్లు, మిగిలినవన్నీ బండలు దొర్లి. గిరిబాబు "కట్" అనగానే లేచి, మోకాళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుని, "ఇంగొకటి పెట్టప్పా" అనేవాడు.

గిరిబాబుది శాంతిపురం. బెంగుళూరులో పదేళ్ళు వీడియో గేముల కంపెనీల్లో పనిచేసి, సొంతంగా చిన్న స్టూడియో పెట్టుకున్నాడు. షూటింగుకు మాత్రం కుప్పం శివార్లలో ఒక పాత పట్టుగూళ్ళ గోడౌను తీసుకున్నాడు. సినిమాలాగా నడిచే గేము చేస్తున్నాడు. గ్రానైటు క్వారీలో పనిచేసే ఒక తండ్రి, అతని కూతురు, క్వారీలో ప్రమాదం జరిగిన రోజు వాళ్ళిద్దరూ ప్రాణాలతో బయటపడతారా లేదా అన్నది కథ. ఆ తండ్రి కదలికలకు నిజమైన మనిషి కావాలి. ఒంటినిండా సెన్సర్లు కట్టిన నల్ల సూటు వేసుకుని మనిషి నటిస్తే, ఆ కదలికలు కంప్యూటరులో ఉన్న బొమ్మకు వస్తాయి. మొహం మాత్రం బొమ్మదే.

నేను ఆ స్టూడియోలో ఉద్యోగిని. నాయనను కూడా తీసుకుపొమ్మన్నది అమ్మ.

"ఇంట్లో కూసోని గోడ సూస్తాండాడు. నీతో పాటు పిల్చకపో అనూ. యేదో ఒకటి చెయ్యనీ" అంది ఉగాది మర్నాడు.

మా నాయన గంగులప్ప, ఊళ్ళలో పద్దెనిమిది రోజులు ఆడే భారతంలో ముప్పై ఏళ్ళు దుర్యోధనుడి వేషం కట్టాడు. గుడుపల్లె, కుప్పం, పుంగనూరు చుట్టుపక్కల ఏ ఊళ్ళో భారతం జరిగినా పద్దెనిమిదో రోజు పొద్దున, మట్టితో పోసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ మీదికి ఎగిరి దూకి, భీముడి గదకు కూలేది ఆయనే. నా చెల్లెలు నందిని పోయినాక మళ్ళీ మొహానికి రంగు పూసుకోలేదు. నాలుగేళ్ళయింది.

సూటు చూపించినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మొగానికి రంగు అక్కర్లేదు గదా?"

"అక్కర్లేదు నాయనా."

"అయితే వస్తా."

కుప్పం రైలు స్టేషను దగ్గర ఒక గది తీసుకున్నాం. సోమవారం పొద్దున వచ్చి, శనివారం బస్సెక్కి పుంగనూరులో ఇంటికి పోయేవాళ్ళం. మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం అన్నం తింటుంటే నాయన అడిగాడు.

"ఇన్నితూర్లు నన్ను యాల సంపుతాండారు పాపా?"

నా పనేమిటో అప్పుడు చెప్పాను. ఆట ఆడేవాళ్ళ చేతిలో బటన్లున్న కంట్రోలరు ఉంటుంది. సీను సినిమాలాగా నడుస్తూ నడుస్తూ, ఉన్నట్టుండి తెరమీద ఒక గుర్తు వెలుగుతుంది. అది ఆరిపోయేలోపల ఆ గుర్తున్న బటను నొక్కాలి. నొక్కితే తండ్రి తప్పించుకుంటాడు, నొక్కకపోతే చచ్చిపోతాడు. అందుకే బతికేదీ చచ్చేదీ రెండూ తీసి పెట్టుకోవాలి. ఇది కాక మధ్యమధ్య కథ ఆగి ఆడేవాళ్ళనే అడుగుతుంది, మేస్త్రీకి నిజం చెప్పాలా దాచాలా, పై దారిన పోవాలా కింది దారినా అని. వాళ్ళు ఎంచుకున్నదాన్ని బట్టి ముందుకథ మారిపోతుంది. ఏ గుర్తు ఎక్కడ వెలగాలో, ఎంతసేపు ఉండాలో పెట్టడం నా పని. మామూలుగా ముప్పాతిక సెకను.

నాయన అన్నం కలపడం ఆపాడు.

"అంటే, భారతం సూసే జనం లేసి, ఈ తూరి దుర్యోధనుడు గెలవాల అంటే గెలిపిచ్చేదా?"

"అట్లనే."

"భీముడు ఊరుకుంటాడా?"

"భీముడు కూడా వాళ్ళు చెప్పినట్లే ఇనాల."

నాలుగేళ్ళలో మొదటిసారి గట్టిగా నవ్వాడు. గిరిబాబును పిలిచి మరీ చెప్పాడు. "ముప్పై ఏండ్లు ఊరికే సచ్చినాను సూడప్పా. గెలుస్తావా అని ఒకడన్నా అడగలా."

ఆ రోజు సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి, నాయన నవ్వాడని చెప్పాను. అమ్మ మదనపల్లె టమేటా మండీలో కాయలు ఏరే పనికి పోతుంది. చుట్టూ లారీల హారన్లు. "యేంటికి నవ్వినాడు?" అని రెండుసార్లు అడిగింది. చెప్తే సగమే వినబడినట్టుంది. అయినా, "మంచిదిలే, మంచిదిలే" అంది.

క్వారీ సీను ఏప్రిల్ ఆఖరులో వచ్చింది. గేము మొత్తానికి ముఖ్యమైనది అదే. పాప క్వారీ అంచు మీంచి జారి వేలాడుతుంటుంది. తండ్రి బోర్లా పడుకుని ఆమె చెయ్యి పట్టుకుంటాడు. గుర్తు వెలుగుతుంది. నొక్కితే పైకి లాగుతాడు. నొక్కకపోతే చెయ్యి జారిపోతుంది.

నాకు ఏ అనుమానమూ రాలేదు. నందిని పోయింది నీళ్ళలో. మదనపల్లెలో మా చిన్నత్త ఇంట్లో ఉంటే, నవంబరు వానల్లో నాయన టీవీఎస్ మీద తీసుకొస్తున్నాడు. వంక దాటుతుంటే బండి కొట్టుకుపోయింది. పదకొండేళ్ళది. "బండి పడిపోయ. లేసి సూస్తే పాప ల్యా." నాయన చెప్పింది అంతే. అమ్మకు, నాకు, పోలీసులకు, పలకరించడానికి వచ్చిన వాళ్ళకు, అందరికీ అదే మాట. అప్పుడు నేను బెంగుళూరులో హాస్టల్లో ఉన్నాను. ఎండిన రాతి క్వారీకీ ఆ వంకకూ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు.

చెక్కపెట్టెలు పేర్చి అంచు కట్టారు. పాప బదులు ఇరవై రెండు కిలోల ఇసుక మూట. దానికి గుడ్డతో కుట్టిన రెండు చేతులు. ముందు జారిపోయేది తీద్దామన్నాడు గిరిబాబు.

"యెట్ల జారాల?" అని అడిగాడు నాయన.

"మీ ఇష్టం అన్నా. ఈడ మాటలు కూడా రాయలేదు. మీకు ఏం వస్తే అదే."

నాయన పెట్టెల మీద బోర్లా పడుకున్నాడు. ఎడమచేత్తో అంచు పట్టుకున్నాడు. కుడిచేత్తో మూట మణికట్టు పట్టుకున్నాడు. తర్వాత కాసేపు ఏమీ చెయ్యలేదు. బరువుకు భుజం కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది. గోడౌనులో పెద్ద ఫ్యాను ఒకటే చప్పుడు. అప్పుడు చాలా మామూలుగా, జడ వేసేటప్పుడు కదలొద్దని పిల్లకు చెప్పినట్టు అన్నాడు.

"ఉండమ్మా, సెయ్యి మారస్తా."

ఎడమచెయ్యి అంచు వదిలి కిందికి పోయింది. కుడిచెయ్యి సడలింది. ఎడమచెయ్యి అందుకోలేదు. మూట పరుపు మీద పడిన చప్పుడు వినిపించింది. నాయన అరవలేదు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి, వేళ్ళు మాత్రం ఒకసారి ముడిచాడు, మళ్ళీ తెరిచాడు. గిరిబాబు కట్ చెప్పడం మరిచిపోయాడు.

తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు. యానిమేటరు ధనుష్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను మానిటరు వెనక కూర్చుని ఉన్నాను. లేసి సూస్తే పాప ల్యా అన్న మనిషికి ఆ చెయ్యి మార్చడం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గదిలో నేనొక్కదాన్నే ఆలోచించాను. లేచి దగ్గరికి పోవాలనుకున్నాను. పోలేదు. నా ముందు రికార్డింగు గీతలు పచ్చగా నడుస్తూనే ఉన్నాయి.

మధ్యాహ్నం రెండోది మొదలుపెట్టారు. పాపను పైకి లాగేది. సులభమైనది అదే అనుకున్నాం.

నాయన మూటను లాగాడు. పైకి వచ్చింది. వచ్చినాక ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. పక్కన పెట్టి, దాని మీది దుమ్ము దులిపాడు.

"అన్నా, దగ్గిరికి తీసుకోండి. మీ పాప బతికింది" అన్నాడు గిరిబాబు.

మళ్ళీ లాగాడు. దగ్గరికి తీసుకున్నాడు గానీ మోచేతులు ఒంటికి ఆనలేదు, ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు ఉంది. మూడోసారి లాగుతూ మధ్యలో ఆగిపోయాడు. ఇసుక సగం తీసేశారు. మంచినీళ్ళిచ్చారు. ఎనిమిదోసారి, పదోసారి. పద్నాలుగోసారికి గుడ్డచెయ్యి కుట్లు ఊడి ఇసుక కారింది. నాయన ఆ కారే చోట అరచెయ్యి అడ్డం పెట్టి, "దీన్ని కుట్టీండప్పా" అన్నాడు.

గిరిబాబు నన్ను పక్కకు పిలిచాడు. "ఏమైంది అనూషా? దుర్యోధనుడి వేషం కట్టిన మనిషి కదా, చచ్చేవన్నీ చించేశాడు. ఈ చిన్న పని రాలేదేంటి?"

"అలిసిపోయినాడేమో సార్."

మర్నాడు ధనుష్ సూటు వేసుకుని రెండు టేకుల్లో ముగించాడు. బొమ్మ మొహం ఒకటే కాబట్టి ఎవరికీ తెలియదన్నారు. పాపను కాపాడే తండ్రి ధనుష్, జారవిడిచే తండ్రి మా నాయన. నాయన మూలన కుర్చీలో కూర్చుని ధనుష్‌నే చూస్తున్నాడు. ఎట్లా లాగుతున్నాడో, ఎక్కడ పట్టుకుంటున్నాడో, పని నేర్చుకునేవాడిలాగా చూశాడు.

ఆ సాయంత్రం స్టేషను రోడ్డులో కొబ్బరిబొండాల బండి దగ్గర ఎళనీరు తాగుతుంటే ఆయనే అన్నాడు.

"నీకు తెలిసిపోయింది గదా."

"ఊ."

"వంకలో పట్టుకోనుంటే కుడిసెయ్యి తిమ్మిరెక్కిపోయింది పాపా. ఎడమ సేత్తో అయితే గట్టిగా లాగొచ్చు అనుకున్నా." బొండాన్ని బండివాడికి ఇచ్చేసి చేతులు తుడుచుకున్నాడు. "మీ అమ్మకు చెప్పొద్దు. ఆ యమ్మ, రేపు ఇస్కూలు ఉండాది, ఈపొద్దే పిల్చుకోనిరా అన్నందుకే సస్తా బతకతా ఉండాది. దీన్ని కూడా మొయ్యలేదు."

"ఆ మాట తీసెయ్యమని సార్‌కు చెప్పనా?"

"చెప్పు. ఇంటాడా?"

వినలేదు. నేను కారణం చెప్పలేదు కదా. చెప్తే గిరిబాబు మంచివాడే, వినేవాడేమో. కానీ చెప్పిన మరుక్షణం గోడౌనులో అందరికీ తెలుస్తుంది, నాయనను అందరూ వేరేగా చూస్తారు. అందుకని ఊరికే, "ఆ డైలాగు బాగలేదు సార్" అన్నాను.

"పిచ్చా నీకు? సీనుకు ప్రాణమే ఆ మాట" అన్నాడు.

నా చేతిలో ఉన్నది ఒక్కటే. గుర్తు వెలిగే సమయం. ముప్పాతిక సెకనును రెండు సెకన్లు చేశాను. ఎంత నిదానంగా ఆడేవాళ్ళైనా నొక్కేస్తారు, పాప బతుకుతుంది, ఆ మాట ఎవరికీ వినబడదు. నాలుగు రోజులు ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత గేమును పరీక్షించే భారతి, క్వారీ సీను మరీ తేలికైపోయిందని రాసింది. గిరిబాబు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, నా చేతనే మళ్ళీ ముప్పాతిక చేయించాడు.

మే నెలలో బెంగుళూరు ఆఫీసులో బయటివాళ్ళను పిలిచి ఆడించారు. ముప్పై మంది దాకా వచ్చారు. నేను వెనక నిలబడి చూశాను. చాలామంది మొదటిసారే సరిగ్గా నొక్కేశారు. నేను ఊపిరి పీల్చుకునేలోపల, వెనక్కి పోయి మళ్ళీ ఆడారు, ఈసారి కావాలనే నొక్కకుండా. చస్తే ఎట్లా ఉంటుందో చూద్దామని. ఒకరు చూసి ఇంకొకర్ని పిలిచారు. "ఇది చూడరా, ఏం చేశాడో." ఆ హాలులో ఒక్కో కంప్యూటరులోంచి, ఒకదాని వెనక ఒకటి, మా నాయన గొంతు. ఉండమ్మా. ఉండమ్మా. నేను బాత్రూములోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

జూన్ రెండో ఆదివారం అమ్మ మండీకి పోలేదు. నా లాప్‌టాప్ దగ్గరికి పీట లాక్కుని కూర్చుంది.

"రెండు నెల్లు మీ నాయన ఆడ యేం చేసినాడో సూపించు. ఊరంతా అడగతాండారు."

నాయన బయట మెట్టు మీద కూర్చుని మునగాకు దూస్తున్నాడు. మా ఇద్దరినీ ఒకసారి చూసి తల దించుకున్నాడు.

నేను కంట్రోలరు తీసుకుని లారీ సీను ఆడాను. కావాలనే తప్పించుకోనివ్వలేదు. నాయన పడిన తీరుకు అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. క్రేను సీను చూపించాను. తర్వాత ఆపేద్దామనుకున్నాను. "అప్పుడేనా? ఇంగా ఉండాది గదా" అంది. క్వారీ సీను దానంతటదే మొదలైంది. నేను భయపడలేదు. ఆ బటను నేను కొన్ని వేలసార్లు నొక్కి ఉంటాను, కళ్ళు మూసుకున్నా గురి తప్పను. పాప జారింది. తండ్రి బోర్లా పడుకుని చెయ్యి పట్టుకున్నాడు. భుజం దిగుతోంది. వేలు బటను మీద పెట్టాను.

అమ్మ సంబరంగా నా చెయ్యి పట్టి లాగింది. "సూడు సూడు, ఆ బుజం మీ నాయనదే! మూట మోసేటప్పుడు అట్లనే పెడ్తాడు."

గుర్తు వెలిగి ఆరిపోయింది.

"ఉండమ్మా, సెయ్యి మారస్తా."

అమ్మ నా చెయ్యి వదల్లేదు. తెర నల్లగా అయి, మళ్ళీ ఆడతారా అని అడిగింది. బయట మునగాకు దూసే చప్పుడు ఆగింది.

"ఇంగొకసారి పెట్టు" అంది అమ్మ.

ఈసారి నొక్కాను. తండ్రి పాపను పైకి లాగి గుండెకు అదుముకున్నాడు. అమ్మ ముందుకు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది మీ నాయన కాదు."

"కాదమ్మా. మా ఆఫీసులో ధనుష్ అని..."

"ఆయన యాల చెయ్యలా?"

"చేతకాలేదమ్మా. పద్నాలుగుసార్లు చేసి చూసినాడు."

అమ్మ లేచింది. నేనూ లేచాను. అరుస్తుందని, పడిపోతుందని, ఆయన మీద చెయ్యి చేసుకుంటుందని, ఇట్లా ఏవేవో అనుకున్నాను. ఏదైనా ఒకటి జరిగితే మధ్యలోకి పోదామని నిలబడ్డాను. అమ్మ గడప దగ్గర ఆగింది.

"పాప సెయ్యి నీ సేతిలో ఉండిందా?"

నాయన తల ఎత్తలేదు. "ఉండింది."

"శానాసేపా?"

"శానాసేపు."

అమ్మ గడప మీద కూలబడినట్టు కూర్చుంది. "ఒంటిగా పొయ్యిందనుకుంటా ఉండినా ఇన్నాళ్ళు" అంది. కొంతసేపటికి అమ్మ చెయ్యి చాచి రెండో కట్ట తీసుకుని దూయడం మొదలుపెట్టింది. ఆకంతా అయ్యేదాకా దూశారు. నేను గదిలో నిలబడే ఉన్నాను. పోయి వాళ్ళ పక్కన కూర్చోవాలా, తలుపు దగ్గరికి వెయ్యాలా, ఏదీ తోచలేదు.

జూలైలో గిరిబాబు ఫోన్ చేశాడు. గోడౌను ఫ్యాను చప్పుడు కలిసిపోయి గొంతులేవీ పనికిరాలేదని, అన్నిటినీ హైదరాబాదులో ఒక ఆర్టిస్టు చేత మళ్ళీ చెప్పించారని. ఆ మాట కూడా పోయింది. నేను అడిగినప్పుడు తీయనిది ఫ్యాను వల్ల పోయింది. సరేనన్నాను. పాత రికార్డింగు నా దగ్గర ఉంది. నీ ఫోన్లో వేసిస్తానని అమ్మతో అన్నాను.

"ఫోన్లో యాలమ్మా? మనిసి ఈడ్నే ఉండాడు గదా."

ఆమె అన్నదేమిటో తర్వాతి శనివారాల్లో ఇంటికి పోయినప్పుడు అర్థమైంది. సాయంత్రం మండీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని మెట్టు మీద కూర్చుంటుంది. నాయన కూడా వచ్చి కూర్చుంటాడు. ఆమె ఒక్క ప్రశ్న అడుగుతుంది. రోజుకు ఒకటే. చెప్పులుండినాయా కాళ్ళకు? ఒకటే ఉండింది. నీళ్ళు యాడిదాకా ఉండె? నా గొంతుదాకా. యేమన్నా అడిగిందా? అమ్మకు ఫోన్ చేసినావా అని అడిగింది. ఆయన చెప్తాడు. ఆమె విని లేచి పొయ్యి దగ్గరికి పోతుంది. మర్నాడు మళ్ళీ. ఆపండమ్మా అని ఒకరోజు నేనంటే ఇద్దరూ నావైపు, ఇంట్లోకి వచ్చిన పరాయిమనిషిని చూసినట్టు చూశారు. మళ్ళీ అనలేదు.

పోయిన శనివారం అమ్మ మెట్టు మీద కూర్చుని చాలాసేపయింది. టమేటా బురద ఇంకా గోళ్ళలో ఉంది, దాన్ని పుల్లతో తీసుకుంటోంది. అడగదేమో ఈరోజుకు అనుకున్నాను.

"ఏడిసిందా?" అంది.

వీధిలో పాలబండి పోయింది. నాయన అది మలుపు తిరిగే వరకు ఆగాడు.

"లేదు. ఏడవలా."

అమ్మ తల ఊపింది. పుల్ల పారేసి లోపలికి పోయింది. నిజమేనా అని నేను అడుగుతానేమో అన్నట్టు నాయన నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.